బంతియాటలో ఆచార్యుడు

దేహబలమును గుర్తించుటకు మనకు కన్నులు చాలును. పెద్దమూటను అవలీలగ నెత్తినవానిని, అందఱికంటె ముందుగ పరుగెత్తినవానిని చూచిన వెంటనే బలవంతుడందుము. ఆలోచనాబలము అట్లు కంటికి కనబడునది కాదు. అందుచేతనే కాబోలు, ఆటపాటలలో పిల్లల గొప్పను నిర్ణయించునప్పుడు మనము కండను చూచి మెచ్చుకొందుము గాని, ఆ కండను నడపు బుద్ధిని విచారింపము. ఈ మాసము మా సోదరీమణులకు అమెరికాదేశపు ఆటగాని నొకనిని పరిచయము చేయదలచితిమి. ఆయన సన్నని మనిషి. ఆయన విసరిన బంతులు తోటివారి బంతులకంటె మెల్లనివి. అయినను ఇరువది మూడేండ్లు ఆ ఆటలో ఆయన సంపాదించిన కీర్తి అసామాన్యమైనది. ఆయన పేరు గ్రెగ్ మాడక్సు. తోటి ఆటగాండ్రు ఆయనకు పెట్టిన ముద్దుపేరు "ప్రొఫెసరు", అనగా ఆచార్యుడు.

ముందుగ ఆ ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. బేస్‌బాలు అను నీ ఆట మన పిల్లలు వీధులలో నాడు క్రికెట్టునకు దూరపు చుట్టము. ఒకడు బంతిని విసరును. వేఱొకడు గుండ్రని కొయ్యబ్యాటుతో దానిని కొట్టును. విసరువానిని పిచ్చరందురు. క్రికెట్టులో బంతి చాలమాఱులు నేలను తాకి లేచి వచ్చును. ఇందులో నేల తాకకయే నేరుగ వచ్చును. కొట్టువాని చెంత 17 అంగుళముల వెడల్పుగల తెల్లని పలక యొకటి నేలలో పఱచియుండును. ఆ పలకమీదుగ, కొట్టువాని మోకాళ్లకును ఱొమ్మునకును నడుమ పోవు బంతి హద్దులోని బంతి. అట్టి బంతిని కొట్టక విడిచినను, ఏ బంతినైనను కొట్టబోయి తప్పినను కొట్టువాని లెక్కలో నొక తప్పు పడును. మూడు తప్పులైనచో వాడు అవుటు. అట్లుగాక, హద్దు తప్పిన బంతులు నాలుగు వచ్చినచో దోషము పిచ్చరుది. కొట్టువాడు శ్రమయే లేక మొదటి మజిలీకి నడచిపోవును. నాలుగు మజిలీలు చుట్టివచ్చినచో నొక పరుగు. పిచ్చరు పనియంతయు ఈ పరుగులను అడ్డుటయే.

ఇక ఈ ఆటలోని కాలమును లెక్కింతము. పిచ్చరు నిలుచు చోటినుండి పలకకు 60 అడుగుల 6 అంగుళముల దూరము. గంటకు 90 మైళ్ల వేగముతో వచ్చు బంతి ఈ దూరమును సుమారు సెకనులో పదింట నాలుగు పాళ్ల కాలములో దాటును. కనుఱెప్ప వాల్చి యెత్తునంతలో అనవచ్చును. ఇందులో కొంత కాలము బ్యాటును త్రిప్పుటకే చెల్లిపోవును. కావున కొట్టువాడు బంతిని చివరివఱకు చూచి, తీరికగ నిశ్చయించి కొట్టుటకు వీలులేదు. వాడు తొలిసగము చూచును, మలిసగము ఊహించును. బంతి యెప్పుడు వచ్చునో, ఎక్కడికి వచ్చునో ముందుగ లెక్కగట్టి బ్యాటును కదలించును. లెక్క సరిపడినచో బంతి ఆకాశమున కెగురును. తప్పినచో బ్యాటు గాలిని కొట్టును.

ఇద్దఱు స్త్రీలు ఒక్క రోటిలో పోటుమీద పోటుగ దంచుటను చూచినవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. ఒకతె రోకలి లేచునప్పుడు రెండవయామె రోకలి దిగును. లయ కుదిరినంతసేపు చూడనక్కఱయే లేదు. చేతులే దారి నెఱుగును. ఒకతె తన పోటును పిసరంత ఆలస్యము చేసినచో రెండవయామె చేయి తడబడి తీరును. ఆమెకు బలము తగ్గినందున గాదు, కాలము తప్పినందున. మాడక్సు పిచ్చరుగ చేసినదంతయు ఇదియే. కొట్టువాని బలముతో ఆయన పోటీపడలేదు. వాని లయను చెడగొట్టెను.

ఈయన 1966వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన టెక్సాసు రాష్ట్రములో జన్మించెను. తండ్రి వైమానికదళమున ఉద్యోగి యగుటచే బాల్యములో కొంతభాగము స్పెయిను దేశమున గడచెను. తరువాత కుటుంబము లాసు వేగాసు నగరమున స్థిరపడెను. అక్కడ బాలురకు ఆట నేర్పు రాల్ఫ్ మెదర్ అను పెద్దమనిషి గ్రెగ్గునకును, అతని అన్న మైకునకును గురువయ్యెను. పిల్లలు బంతిని ఎంత వేగముగ విసరగలరో యని తండ్రులు ఉవ్విళ్లూరుచుండగా, ఈ గురువు వేఱు పాఠము చెప్పెను. బంతి వేగముకంటె బంతి నడక ముఖ్యము; నేరుగ వచ్చుచు చివరి క్షణమున కొంచెము ప్రక్కకు తొలగు బంతిని కొట్టుట కష్టము. ఇంకొక పాఠము కూడ ఆయన చెప్పెను. చిక్కు వచ్చినప్పుడు గట్టిగ విసరవలెనని ఎవనికైనను తోచును. అప్పుడే మెల్లగ విసరవలెను. శిష్యుని ఉన్నతపాఠశాల చదువు ముగియకముందే ఆ గురువు మరణించెను. ఆ రెండు పాఠములును శిష్యునితో జీవితాంతము నిలిచినవి.

1984లో చికాగో కబ్సు జట్టువారు మాడక్సును తీసికొనిరి. 1986 సెప్టెంబరులో ఇరువది యేండ్ల ప్రాయమున ఆయన పెద్దజట్టులో అడుగుపెట్టెను. ఆ నెలలోనే మఱియొక జట్టు పక్షమున ఆడుచున్న అన్న మైకునకు ఎదురుగ నిలిచి గెలిచెను. కాని మరుసటి సంవత్సరము విజయములు 6, పరాజయములు 14. తొమ్మిది ఇన్నింగ్సులు గల ఒక్కొక్క ఆటకు సగటున అయిదున్నరకు పైగా పరుగు లిచ్చెను. ఇట్టి ఏడాది గడచిన పిమ్మట పెక్కండ్రు యువకులు ఇంకను గట్టిగ విసరి గౌరవము నిలుపుకొనవలెనని చూతురు. మాడక్సు గురువు చెప్పిన త్రోవకు మరలెను. వేగము నటుంచి, బంతిని తలచిన చోటికి తలచిన నడకతో పంపుటయే సాధన చేసెను. 1988లో ఆయన విజయములు 18, పరాజయములు 8. ఆ యేడు మొదలు 2004 వఱకు వరుసగ 17 సంవత్సరములు, ఏటేట 15 ఆటలకు తగ్గకుండ గెలిచెను.

ఈయన ఆలోచన యెట్టిదో వాషింగ్టను పత్రికా రచయిత టామస్ బోస్‌వెల్ వ్రాసియున్నాడు. దాని సారమిది: దారిప్రక్క నిలిచి, దూరమునుండి మన దిక్కునకు వచ్చు మోటారుకారును చూడుడు. అది గంటకు 55 మైళ్ల వేగముతో వచ్చుచున్నదో, 65 మైళ్లో, 75 మైళ్లో కంటితో చెప్పుట దుస్తరము. ప్రక్కనే వేఱొక కారున్నచో పోల్చి చెప్పవచ్చును. ఒంటిగ వచ్చునప్పుడు కన్ను మోసపోవును. బంతి విషయమున గూడ నింతే. అట్లయినచో కొట్టువానికి వేగము తెలియు టెట్లు? పిచ్చరు చేయి కదలికలో భేదము చూచి, బంతి తిరుగుడు చూచి, అది చేతిని విడిచిన చోటు చూచి వాడు పోల్చుకొనును. ఈ గుర్తులను మాపినచో వానికి ఆధారమే లేదు. కావున మాడక్సు తన వేగపు బంతిని, మెల్లని బంతిని ఒక్క తీరున, ఒక్క చోటినుండి, ఒక్క చేతివిసరుతో విడుచుట నేర్చెను. తన బంతులన్నియు పలకవైపు సాగు పాలధారవలె ఒక్కటిగ కనబడవలెనని ఆయన కోరిక. మనము గిన్నెనుండి గిన్నెకు పాలు వంచునప్పుడు ధారలో ఏ బొట్టు ఏదో చెప్పగలమా? అట్లే కొట్టువానికి ఏ బంతి వేగమైనదో, ఏది ఆలస్యముగ వచ్చునదో, ఏది చివర వంగునదో తేలరాదు.

ఇది సగము. తక్కిన సగము చూచుట. కొట్టువాడు వచ్చి నిలిచినప్పుడు వాని పాదములు నిన్నటికంటె పలకకు దగ్గఱగ నున్నవా, దూరముగ నున్నవా? క్రిందటి బంతిని ముందుగ కొట్టబోయెనా, ఆలస్యముగనా? విడిచిన బంతిని నిశ్చయముగ విడిచెనా, సందేహించి విడిచెనా? ఇట్టి చిన్న గుర్తులను మాడక్సు విడువక గమనించువాడు. తాను విసరవలసిన దినములలోనే గాదు. తనకు పనిలేక ప్రక్కన కూర్చున్న దినములలో కూడ చూచుచునే యుండెను. ఎదుటివాడు ఏమి ఎదురుచూచుచున్నాడో కనిపెట్టి, దానికి వేఱైనదానిని ఇచ్చుట ఆయన నీతి.

మూడవది పొదుపు. అవుటు చేయుటకు మూడు తప్పులును చేయింపవలెనను నియమము లేదు. కొట్టువాడు బంతిని సరిగా తగిలింపలేక నేలబారుగ కొట్టినచో తోటివారు పట్టి అవుటు చేయుదురు. అట్లయినచో ఒక్క బంతితోనే పని ముగియును. 1997 జూలై 22వ తేదీన చికాగో జట్టుతో జరిగిన ఆటలో మాడక్సు తొమ్మిది ఇన్నింగ్సులును తానే విసరి, ఎనుబది బంతులైనను పూర్తిగ వాడకయే గెలిచెను. తన దిక్కునకు కొట్టిన బంతిని పట్టుటలో కూడ ఆయన మిక్కిలి మెలకువ గలవాడు. ఆ నేర్పునకు ఏటేట ఇచ్చు బంగారు చేతొడుగు బహుమానమును 18 పర్యాయములు పొందెను. ఏ స్థానమున ఆడువారిలోను ఇన్నిమాఱులు దానిని పొందినవారు లేరు.

ఇందువలని ఫలమును అంకెలలో చూతము. ఉత్తమ పిచ్చరునకు ఏటేట ఇచ్చు సై యంగ్ బహుమానము 1992 మొదలు 1995 వఱకు వరుసగ నాలుగు సంవత్సరములు ఈయనకే దక్కెను. అంతకుముందు అట్లు పొందినవారు లేరు. 1995లో 19 ఆటలు గెలిచి రెండు మాత్రమే ఓడెను. ఆ యేడే అట్లాంటా జట్టు జగద్విజేత యయ్యెను. ఆ పోరాటపు తొలి ఆటలో మాడక్సు ఎదుటివారికి రెండే దెబ్బలు దక్కనిచ్చెను. 2008లో విశ్రమించునాటికి ఆయన విజయములు 355. ఆయన 3,371 మందిని మూడు తప్పులతో అవుటు చేసి, 999 మందిని మాత్రమే ఊరక నడవనిచ్చెను. 300 విజయములును, 3,000 అవుటులును గడించి, నడవనిచ్చినవారి లెక్కను వేయిలోపల నిలిపిన పిచ్చరు ఆయన యొక్కడే. 2014లో ఆటగాండ్ర కీర్తిమందిరమున ఆయనకు స్థానము కలిగెను.

వేగమునకు పేరువడిన నోలన్ ర్యాను అను పిచ్చరును ఇచట తలచుకొనుట న్యాయము. 1974లో ఆయన బంతిని యంత్రముతో కొలువగా గంటకు 100 మైళ్లకు పైగా తేలెను. ఆయన 5,714 మందిని మూడు తప్పులతో అవుటు చేసెను. ఆ లెక్కను నేటివఱకు ఎవరును అందుకొనలేదు. కాని ఊరక నడవనిచ్చినవారు 2,795 మంది. ర్యాను మహావీరుడనుటలో సందేహము లేదు. అయినను అట్టి వేగము పుట్టుకతో వచ్చు వరము. కోరినవారి కెల్ల దొరకదు. మాడక్సు చూపిన దారి అట్టిది కాదు. అది ఓర్పుగల యెవరికైనను కొంతవఱకైనను పట్టుబడునది.

ఈ మాట నిజమనుటకు మన స్త్రీలకు సంతోషము గొలుపు నిదర్శనమొకటి గలదు. 1931 ఏప్రిలు 2వ తేదీన టెన్నెసీ రాష్ట్రములోని చట్టనూగా పట్టణమున, జాకీ మిచెల్ అను 17 ఏండ్ల బాలిక స్థానికజట్టు పక్షమున న్యూయార్కు యాంకీలకు ఎదురుగ బంతి విసరెను. ఎదుట నిలిచినవారు బేబ్ రూత్, లూ గెరిగ్. ఆనాడు వారికి మించిన బాదరులు లేరు. ఎడమచేతివాటము గల ఆ పిల్ల ఆయుధము, పలకను సమీపించి చటుక్కున క్రిందికి దిగు బంతి. మొదట రూత్, వెనువెంటనే గెరిగ్ మూడేసి తప్పులతో అవుటైరి. రూత్ కోపముతో బ్యాటును విసరివేసెను. ఇదంతయు వేడుకకై ఆడిన నాటకమని నాడును నేడును అనువారున్నారు. నాటకమని ఋజువు చేసినవారు మాత్రము లేరు. 1943 మొదలు 1954 వఱకు అమెరికాలో స్త్రీలకు ప్రత్యేకముగ వృత్తి బేస్‌బాలు సంఘము నడచెను. అందులో ఆరువందలకు మించిన స్త్రీలు ఆడిరి. బాలికకు కండ తక్కువ యను నెపముతో మైదానమునకు పంపనివారు ఈ సంగతిని ఒకమాఱు తలపోయవలెను.

ఇది వట్టి వినోదపు ముచ్చట గాదు. వేగమును మాత్రమే మెచ్చుకొనుటవలన పిల్లల దేహములకే కీడు కలుగుచున్నది. 1974లో టామీ జాన్ అను పిచ్చరు మోచేతిలోని స్నాయువు చెడిపోగా, ఫ్రాంక్ జోబ్ అను వైద్యుడు రెండవ చేతినుండి తీసిన స్నాయువును దానిస్థానమున నమర్చెను. ఆనాడది వింతయైన చికిత్స. నేడు అమెరికాలో పాఠశాల బాలురకు సైతము ఆ చికిత్స చేయుచున్నారు. ఎదిగియెదగని చేతులతో మితిమీఱి విసరుట, సంవత్సరము పొడవున విశ్రాంతిలేక విసరుట ఇందుకు ముఖ్యకారణములని వైద్యులు చెప్పుదురు. అందుచేత 2014లో వయసునుబట్టి దినమునకు ఇన్ని బంతులకు మించరాదని నియమములు ప్రకటించిరి. 7, 8 ఏండ్ల వానికి 50, 9, 10 ఏండ్ల వానికి 75. మన పిల్లలలో వేగముగ బంతివేయు క్రికెట్టు ఆటగాండ్రున్నారు. వారి తల్లులు ఈ సంగతి నెఱిగియుండుట మంచిది. బిడ్డ మోచేయి నొచ్చుచున్నదని చెప్పినప్పుడు అది సోమరితనము కాదు, హెచ్చరిక.

మాడక్సు కన్నును మించిన కన్ను లేదా యని మీరడుగవచ్చును. తాడిని తన్నువాడున్నచో వాని తలదన్నువాడుండునని మన సామెత. సాన్ డియాగో జట్టువాడగు టోనీ గ్విన్ అట్టివాడు. మాడక్సు ఆయనకు నూఱుమాఱులకు పైగా బంతి విసరెను. ఒక్క పర్యాయమైనను మూడు తప్పులతో అవుటు చేయలేకపోయెను. గ్విన్ కూడ కండనుబట్టి గాక కన్నునుబట్టి ఆడినవాడే. 1983లో ఆట సరిగా సాగక పొరుగూళ్ల ఆటలలో నుండగా, ఇంటనున్న భార్య అలీషియాను తన ఆటను టెలివిజనునుండి వీడియో టేపుపై పట్టియుంచుమని కోరెను. ఆమె పట్టియుంచెను. ఇంటికి వచ్చి ఆ టేపులు చూచి తన తప్పును తానే కనుగొనెను. అది మొదలు టేపులు చూచుట ఆయనకు నిత్యవ్రతమయ్యెను. ఆయన ఎనిమిది సంవత్సరములు తన సంఘమున బ్యాటింగులో ప్రథముడుగ నిలిచెను. ఆ కీర్తికి మొదటి మెట్టు ఒక గృహిణి శ్రద్ధతో చేసిన చిన్నపని యని మా తలంపు.

సోదరీమణులారా, మన యిండ్లలో ఈ విద్య క్రొత్తది కాదు. వామనగుంటలాడునప్పుడు ఎదుటివారి గుంటలలో ఎన్ని గింజలున్నవో ముట్టకయే లెక్కయుంచుకొను అమ్మమ్మలు ఎందఱులేరు? వారి చేతులలో వేగము లేదు. ఆ చూపును తప్పించుకొనుట మాత్రము మనుమలకు సాధ్యము గాదు. ఈ చూపును పిల్లలకు అందించుటకు ధనము వలదు, మైదానమును వలదు. మన మెప్పును కొంచెము మార్చుకొన్న చాలును. ఆటలాడి సాయంకాలము ఇంటికి వచ్చిన బిడ్డను, ఆడపిల్లనైనను మగపిల్లవానినైనను, "ఎంత గట్టిగ కొట్టితివి?" అని అడుగుట మనకు వాడుక. దానితోబాటు "ఎదుటివాడు ఎట్లు నిలిచెను? నీవేమి కనిపెట్టితివి?" అనికూడ అడుగుదము. మొదటి దినమున బిడ్డకు బదులు తోచకపోవచ్చును. రెండవ దినమున మైదానమునకు పోవునప్పుడు మాత్రము ఆ ప్రశ్న వానితో కూడ పోవును.